కాళ్ళు ముందుకు పెట్టి మోసే పరీక్ష

అత్త బతికి ఉండగానే ఆమెను పాడె మీద మోయించిన కోడలు అని మా ముత్తుకూరు వైపు నాకొక పేరుంది. అది పాడె కాదు, స్ట్రెచర్ అని ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను. వినేవాళ్ళు తల ఊపుతారు, అవతలికి పోయి మళ్ళీ పాడె అనే చెప్పుకుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలని కూర్చున్నాను.

పెళ్ళయి కాపురం సరిగ్గా కుదురుకోకముందే మా ఆయన విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో మా అత్త, మా బావగారు అంటే మా ఆయన అన్న, ఆయన భార్య అయిన నా తోడికోడలు ఉండేవాళ్ళు. దొరవారిసత్రం దగ్గర మా అన్న ఉండేవాడు. "వచ్చేయమ్మా, ఇది నీ ఇల్లు కాదా" అని వాడు కబురు మీద కబురు పంపేవాడు. మా వదినకు కాన్పు మీద కాన్పు. ఉయ్యాల ఊపడానికి, గేదెలకు కుడితి పెట్టడానికి జీతం అడగని మనిషి కావాలి వాళ్ళకు. ఆ ప్రేమ ఏపాటిదో నాకు తెలియకపోలేదు. మా వదిన చేతికింద బతకడం కంటే కృష్ణపట్నం పోయి ఉప్పుమళ్ళలో పారపని చేసుకోవడం నయమనిపించేది.

ఆ రోజుల్లోనే మా ఊరికి దగ్గరలో ఉన్న చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేరాను. బావగారు మండిపడ్డాడు. "వరి పండించే ఇంటి కోడలు రోగుల దొడ్డికుండలు కడగతాదా? నలుగురిలో నేను తలెత్తుకొని తిరగద్దా?" అన్నాడు. ఆయన తల నలుగురిలో ఎత్తుకున్నా దించుకున్నా చూసేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు గానీ, ఆ మాట అనే ధైర్యం లేదు. మా ఇంట్లో కోడళ్ళు బావగారి ముందు నోరు తెరవరు. ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. మా అత్త ఎలాగూ చెబుతూనే ఉంటుంది కాబట్టి ఆమెకు అదేం బరువు కాదు. నిద్రలో తప్ప ఆమె నోరు మూతపడగా నేను చూడలేదు. నిద్రలో కూడా కోళ్ళను అదిలించేది.

పందొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్తలో ఆయాలకు, వార్డుబాయిలకు శిక్షణ తరగతి పెడుతున్నారని మా నర్సులకు పెద్ద అయిన మేట్రనమ్మ చెప్పింది. పరీక్ష పాసైతే నర్సు అసిస్టెంటు ఉద్యోగం, నీలం అంచు తెల్లచీర, ఆసుపత్రి వెనక వరుసలో ఒక గది. తప్పితే పాత చీపురే. ఈ సంగతి అత్త ద్వారా బావగారికి చేరింది. ఆయన బాగా ఆలోచించి, అత్త ద్వారానే తీర్పు పంపించాడు. "పాసయితే సరే, అది ఉద్యోగం కిందికి వస్తాది, నేనేం అనను. తప్పిందా, ఆ చీపురు ఆడనే పారేసి దొరవారిసత్రం బండెక్కమను."

అంటే పరీక్ష తప్పడమంటే మా వదిన చేతిలో పడడమే. దానితో నాకు చదువు మీద ఎక్కడలేని భక్తి పుట్టింది.

రోగుల భోజనాలయ్యాక, వెనక రేకుల కొట్టంలో తరగతి జరిగేది. మేట్రనమ్మది నెల్లూరు. క్రైస్తవుల ఇంటి మనిషి. మంచిదే గానీ గొంతు మాత్రం చెన్నపట్నం రైలు కూత. ప్రార్థన చేయించి, కళ్ళు తెరిచీ తెరవగానే మొదటి పాఠం మా చేత అరిపించేది. దెబ్బ తగిలినవాణ్ణి చూసి గాబరా పడొద్దు. ముందు మూగిన జనాన్ని దూరం పంపు. గాలి ఆడనివ్వు. నాడి చూడు. తర్వాతే కట్టు. ఎవరు వచ్చి బతిమాలినా, ఏడ్చినా రోగిని కదిలించనివ్వకు. రోజూ ఇదే. మా ఇంటి కోళ్ళకు కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది, నేను దంచేటప్పుడూ చెరిగేటప్పుడూ ఇదే వల్లించేదాన్ని.

పాఠాలన్నీ బాగానే సాగాయి. స్ట్రెచర్ దగ్గరికి వచ్చేసరికి బండి నిలిచిపోయింది. దాని మీద పడుకునేవాళ్ళు లేరు.

మేట్రనమ్మకు మొదట అర్థం కాలేదు. బతికున్న మనిషి వెల్లకిలా పడుకుని నలుగురి చేత మోయించుకుంటే ఏమని అర్థం? అందులోనూ పాఠం ప్రకారం కాళ్ళు ముందుకు పెట్టి మోయాలి. తలవైపు మోసేవాళ్ళకు రోగి ముఖం కనబడుతూ ఉండాలని ఆ పద్ధతి. మా వైపు మనిషి గడప దాటి కాళ్ళు ముందుగా పోయేది ఒక్కసారే, ఆ పోయినవాడు తిరిగి రాడు. వార్డుబాయి ఒకడు మోస్తానన్నాడు గానీ పడుకోనన్నాడు. చిల్లకూరు నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లను మేట్రనమ్మ ఆశగా చూసింది. "మేం ఇట్టాంటివి నమ్మమండీ" అంది ఆ పిల్ల. అయితే పడుకో అంది మేట్రనమ్మ. "నేను నమ్మనండీ, మా అవ్వ నమ్మతాది" అని ఆ పిల్ల నా వెనక్కు వచ్చి నిలబడింది.

చివరికి ఒక పెద్ద గోనెసంచిలో ఇసుక నింపి, దాన్ని రోగి అన్నారు. దానికి కట్లు కట్టాం, విరిగిన ఎముకకు పెట్టే కర్రబద్దలు కట్టాం, కాళ్ళు ఇవీ అని సున్నంతో గీత గీసి, అవి ముందుకు పెట్టి మోశాం. ఏ మాటకామాటే చెప్పాలి, అంత మంచి రోగి నాకు ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో మళ్ళీ దొరకలేదు.

పరీక్ష దగ్గర పడిందనగా నెల్లూరు నుంచి పిడుగులాంటి కబురు వచ్చింది. పరీక్ష పెట్టడానికి వచ్చే డాక్టరు పటాలంలో పనిచేసి వచ్చినవాడట. ఇసుక సంచులు ఒప్పుకోడట. ఎవరి రోగిని వాళ్ళే తెచ్చుకోవాలి, అదీ ఊపిరి ఉన్న రోగిని. వార్డుబాయిలు కల్లు పోయిస్తామని చెప్పి ఎవరెవరినో కుదుర్చుకున్నారు. చిల్లకూరు పిల్ల ఎక్కడినుంచో ఒక చెవిటి తాతను పట్టుకొచ్చింది, ఆయనకు ఏం చేయబోతున్నారో చెప్పనేలేదు. నాకు మాత్రం ఎవరూ దొరకలేదు. వీధిలో ఒక్కొక్కరినే అడిగాను. తమాషాకు కూడా అట్టా అనద్దు తల్లీ అని నా ముందే దిష్టి తీసుకున్నారు. తోడికోడలిని అడిగితే, "నన్ను పంపించి ఇల్లంతా నువ్వే ఏలుకుందామనా?" అంది.

పరీక్ష ముందురోజు సాయంత్రం దొడ్లో కూర్చుని ఏడుస్తున్నాను. మా అత్త వచ్చి చూసింది.

"ఏంది మే, మీ వదిన గుర్తొచ్చినాదా?"

సంగతి చెప్పాను. ఆమె నోట్లో ఆకు నములుతూనే, "నేను పడుకుంటాలే. పోయేదుంటే ఎట్టా పడుకున్నా పోతాం" అంది. తర్వాత షరతులు మొదలుపెట్టింది. తల దక్షిణానికి ఉండకూడదు. కొంగున ఇనపముక్క కట్టుకుంటుంది. మోసేటప్పుడు మాట్లాడుతూనే ఉంటుంది, మాట్లాడేదాన్ని చూసి ఎవరూ శవమనుకోరు కదా. అన్నిటికీ సరేనన్నాను. ఆ సమయంలో ఏనుగును తెమ్మన్నా సరే అనేదాన్ని. కొడుకుతో ఏమీ చెప్పొద్దని ఆమే అంది. "వాడికి చెప్తే శాస్త్రాలు తీస్తాడు."

డాక్టరు ఎర్రగా, పొడుగ్గా, మీసాలతో ఉన్నాడు. ప్రతిదానికీ ఒక యుద్ధం కథ చెప్పేవాడు. మా పేర్లు పిలిచి, ఒక్కొక్కరి చేతా ఒక చీటీ తీయించాడు. ఆ చీటీలో ఉన్న దెబ్బకు వైద్యం చేయాలి. చేసినంతసేపూ రోగి నిజం రోగిలాగే ఉండాలి. తాను "చాలు" అనేదాకా రోగి లేచినా, మాట్లాడినా, కట్టు విప్పినా ఆ రోగిని తెచ్చినవాళ్ళు పరీక్ష తప్పినట్టే.

నా చీటీ విప్పి చదివాడు. దవడ ఎముక విరిగింది, తొడ ఎముక విరిగింది.

మేట్రనమ్మ నా వైపు చూసింది, నేను మా అత్త వైపు చూశాను. దవడ విరిగితే ఏం చేయాలి? గడ్డం కింద నుంచి నడినెత్తికి గుడ్డ తెచ్చి బిగించి కట్టాలి. రోగిని మాట్లాడనివ్వకూడదు. తొడ విరిగితే చంక నుంచి మడమ దాకా పొడుగు బద్ద పెట్టి, రెండు పాదాలూ దగ్గరికి చేర్చి కట్టేయాలి. ఇక నలుగురూ ఎత్తి, కాళ్ళు ముందుకు పెట్టి నడవాలి. మనిషి పోయినప్పుడు దవడ కడతాం, కాళ్ళు కడతాం, నలుగురం మోస్తాం. ఏ పుణ్యాత్ముడు రాశాడో గానీ ఆ చీటీలో ఒక్క తప్పెట్లు తప్ప అన్నీ ఉన్నాయి.

"అత్తా, మాట్లాడకూడదంట" అన్నాను.

"అసలుకేనా?"

"అసలుకే."

ఆమె ఆకాశంలోకి చూసి ఎవరికో ఏదో చెప్పుకుని పడుకుంది. దవడ కట్టాను. ఆమె మాట మధ్యలో తెగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆ ముఖాన్ని నిశ్శబ్దంగా చూశాను. అంత చిన్న ముఖమని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. కాళ్ళు కట్టాను. నాడి చూశాను, గుర్రంలా పరిగెత్తుతోంది. భయపడుతోంది పాపం. దుప్పటి కప్పి, తోటివాళ్ళ చేత ఎత్తించి, తలవైపు నేను నిలబడి నడిపించాను. ఎండకు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

మా ఆసుపత్రికి ఆంబులెన్సు లేదు. గడ్డి పరిచిన ఎద్దులబండే ఆంబులెన్సు. అది రోడ్డు వార నిలిపి ఉంది. కాబట్టి గేటు దాటి, రోడ్డు మీదికి పోయి, రోగిని బండిలోకి చేర్చాలి. చేర్చాం. కుదుపు లేకుండా చేర్చామని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. అప్పుడే మా వీధిలో ఉండే చేపలమ్ముకునే అతను సైకిల్ మీద పోతూ కాలు కింద పెట్టి ఆగాడు. బండిలో చూశాడు. దవడ కట్టు చూశాడు, కాళ్ళ కట్టు చూశాడు, నా ముఖం చూశాడు. నా ముఖం పరీక్ష భయంతో ఎలాగూ ఏడుపు మీదే ఉంది. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఒక్క మాట అడక్కుండా సైకిల్ వెనక్కు తిప్పి మా ఊరి వైపు తొక్కాడు.

నేను పిలవబోయాను. డాక్టరు అప్పుడే నోటి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఒక ప్రశ్న అడిగి, జవాబు వినకముందే బర్మా యుద్ధంలో జరిగింది చెప్పేవాడు. అక్కడ ఎవరికో తొడ విరిగింది, ఏనుగు మీద తీసుకొచ్చారు, దారిలో ఏనుగుకు జబ్బు చేసింది. ఆ ఏనుగు జబ్బు నయమయ్యేలోపల మా ఊరి వైపు నుంచి ఏడుపులు వినబడ్డాయి.

ముందు నా తోడికోడలు. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ వస్తోంది. వెనకాల వీధి వీధంతా. అందరికంటే వెనక బావగారు, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని. తోడికోడలు బండి పట్టె మీద పడి శోకాలు అందుకుంది.

"నన్నొదిలి పోతివా అత్తా! తల్లి మాదిరి సాకితివే! ఒక్క మాటన్నా అనకపోతివే!"

నా ఎదురుగానే ఆ పొద్దున ఇద్దరూ మజ్జిగ గురించి ఊరు వినేలా పోట్లాడుకున్నారు. దుప్పటి కింద మా అత్త పొట్ట అదిరింది. నవ్వో కోపమో నాకు తెలియలేదు. ఆమె ఒక్కసారి కళ్ళు తెరిస్తే చాలు, అందరి ఏడుపూ ఆగిపోతుంది, నా పరీక్షా పోతుంది. కళ్ళు తెరవలేదు. అంత మందిలో, అన్ని ఏడుపుల మధ్య, మాటలాడకుండా ఒక్క నిమిషం ఉండలేని మనిషి కళ్ళు మూసుకుని అలాగే పడుకుంది. అది నా కోసమని నాకు తెలుసు.

"బతికే ఉండాది" అన్నాను. ఎవరికీ వినబడలేదు. డాక్టరు వైపు చూశాను. ఆయన మీసం మెలేస్తూ నన్నే చూస్తున్నాడు. చాలు అనడే! ఇంతలో తోడికోడలు కట్టేసి ఉన్న అత్త కాళ్ళ మీద పడి ఊపడం మొదలుపెట్టింది. బద్ద జారుతోంది.

అప్పుడు నాకేం పూనిందో తెలియదు. రోజూ అరిచిన పాఠమే నోట్లోంచి వచ్చింది.

"దూరం జరగండి! గాలి ఆడనీండి! అక్కా, ఆ కాళ్ళొదులు, ఒదలకుంటే చెయ్యిరగ్గొడతా! బావా, ఏందట్టా నిలబడి చూస్తా ఉండావు, జనాన్ని వెనక్కి తోలు!"

బావగారు బిత్తరపోయి నిజంగానే రెండు చేతులూ చాచి జనాన్ని వెనక్కు తోశాడు. నా గొంతు ఆయన వినడం అదే మొదలు. నేను బండెక్కి, అత్త చెయ్యి పట్టుకుని నాడి మీద వేళ్ళు పెట్టి, "బతికే ఉండాది. నాడి బాగుండాది" అని మేట్రనమ్మ గొంతుతో అరిచాను. ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మా అత్త కట్టేసిన పాదాల బొటనవేళ్ళు రెండూ కదిలాయి. ముందు వరసలో ఉన్న పెద్దామె ఒకతి కెవ్వుమని ఊరి వైపు పరుగు తీసింది.

"చాలు!" అన్నాడు డాక్టరు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మేట్రనమ్మ వైపు తిరిగి, "చాలా చోట్ల పరీక్షలు పెట్టాను గానీ, బంధువుల ఏడుపులు కూడా ఏర్పాటు చేసింది మీరొక్కరే. ఆ జుట్టు విరబోసుకున్నామె మరీ బాగా చేసింది" అన్నాడు. మేట్రనమ్మ కళ్ళు దించుకుని, "ప్రభువు దయండీ" అంది. నేను పాస్.

కానీ నా పరీక్ష అంతటితో అయిపోలేదు. కట్లు విప్పుతుంటే బావగారు దగ్గరికి వచ్చాడు. ఈసారి అత్త ద్వారా కాదు, నేరుగా నాతోనే అన్నాడు.

"తల్లిని శవం మాదిరి కట్టి రోడ్డు మీద పెడతావా? ఊరంతా నవ్వతా ఉండారు. పాసూ లేదు గీసూ లేదు. రేపే బండెక్కు."

పాసయినా అదే బండి, అదే వదిన. మేట్రనమ్మ ఏదో చెప్పబోయింది గానీ అది మా ఇంటి మాట, ఆమె మాట చెల్లదు. నేను చివరగా దవడ కట్టు విప్పాను. మా అత్త లేచి కూర్చుని, నోరు అటూ ఇటూ ఆడించి చూసుకుంది.

"అబ్బయా, నేను పోయినానని నీకు కబురొచ్చినాక నువ్వేం జేసినావు?"

"కట్టెలకు మనిషిని తోలినాడు" అని గుంపులో ఎవరో అన్నారు.

"కట్టెలకు తోలినావు" అంది అత్త మెల్లగా. నా తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు మే, అంత ఏడ్చినావు, నా కాళ్ళిరగ్గుంజినావు. ఇంతమంది వచ్చినారు, ఒకరు కాకపోతే ఒకరన్నా ఉండాదా పోయినాదా అని నా చెయ్యి పట్టుకొని చూసినారా? ఇదొక్కతే చూసింది. రేపు నిజంగా నాకు తెలివి తప్పితే మీ చేతుల్లో పెట్టమంటావా నన్ను? నాడి చూడకనే తగలేస్తారు గదరా! ఇది యాడికీ పోదు. బండెక్కించాలంటే నన్ను గూడా ఎక్కించు."

తర్వాత ఆమె నడవనంది. బావగారే ఆ బండి తోలాడు. మా అత్త గడ్డి మీద నిటారుగా కూర్చుని, ప్రతి ఇంటి ముందూ బండి ఆపించి తాను బతికే ఉన్నానని పేరు పేరునా చెప్పుకుంటూ ఊళ్ళోకి పోయింది. కట్టెలు ఆ ఏడాదంతా పొయ్యిలోకి పనికొచ్చాయి.

నేను తెల్లచీర కట్టాను. ఆ తర్వాత ఎన్ని కాన్పులు చూశానో, ఎందరికి కట్లు కట్టానో లెక్క లేదు. వెనక వరుస గదిలో ఉండేదాన్ని గానీ, సెలవు దొరికితే అత్త దగ్గరికే.

అరవైలు ముగిసే ముందు, ఒక మధ్యాహ్నం భోజనం మధ్యలో ఆమె పక్కకు ఒరిగిందని బావగారు సైకిల్ మీద తానే వచ్చాడు. నేను పోయేసరికి ఇంటి నిండా జనం ఉన్నారు. ఒక్కరూ ఏడవడం లేదు. నా తోడికోడలు పమిట నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు, గాలి ఆడేలా కిటికీలు తీసిపెట్టారు. బావగారు గడప దగ్గర నిలబడి, "నువ్వు చూసి చెప్పమ్మా" అన్నాడు.

కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. నేను చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరవలేదు. నాకు చెప్పబుద్ధి కాలేదు.